తోక అంచున సన్న వెంట్రుక

నా బిడ్డ పురిటికి ఇంటికి వచ్చినప్పుడు బట్టల సంచి కంటే ముందు ఒక అట్టపెట్టెను దించుకుంది. ఆటో దిగి, దాన్ని రెండు చేతులతో పట్టుకొని, అల్లుణ్ణి కూడా ముట్టనివ్వకుండా నేరుగా నేను పని చేసుకునే గదిలోకి తీసుకుపోయింది. లోపల పాత చీర ముక్కల మధ్య ఒక మైక్రోస్కోపు, మూడు చిన్న గాజు సీసాలు ఉన్నాయి. సీసాల నిండా స్పిరిటు. ఆ స్పిరిటు అడుగున దుమ్ము పేరుకున్నట్టు ఏదో ఉంది.

"ఏంది బిడ్డా ఇది?" అని అడిగాను.

"పీత పిల్లలమ్మా."

"ఏడున్నయి?"

"గదే. గా దుమ్మే."

సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. దుమ్ము కదిలి, మెల్లగా తిరిగి, మళ్లీ అడుక్కు చేరింది. వీటి కోసమేనా ఇది ఇన్నేండ్లు సముద్రం ఒడ్డున హాస్టల్‌లో ఉన్నది అనుకున్నాను.

మా ఇల్లు నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు వైపు. సముద్రం ఇక్కడికి ఒక రాత్రీ పగలూ ప్రయాణం. నా బిడ్డ అక్కడి యూనివర్సిటీలో పీతల మీద పరిశోధన చేస్తోంది. పుస్తకం రాసి ఇస్తే డాక్టరేటు. ఇవ్వాల్సిన గడువు ఒకసారి దాటిపోయింది, బతిమాలుకుంటే పొడిగించారు, ఇంక పొడిగించేది లేదని రాసిచ్చారు. మిగిలింది ఒక్క అధ్యాయం. అది బొమ్మలతో నడిచే అధ్యాయం, అది లేకపోతే మిగతా పుస్తకానికి నడుము లేనట్టే. పుస్తకం చేరాల్సిన గడువూ, డాక్టరమ్మ చెప్పిన ప్రసవం గడువూ పక్కపక్కనే ఉన్నాయి. బొమ్మలు ఇక్కడ కూర్చొని గీసుకుంటానని, ఆ ధైర్యంతోనే వచ్చింది.

వచ్చిన వారానికే కాళ్లకు నీరు పట్టింది, బీపీ పెరిగింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలె, వంగి కూర్చునే పని ఏదీ పెట్టుకోవద్దు అని చెప్పింది. స్పిరిటు వాసనకు కూడా దీనికి కడుపులో తిప్పేది. ఇంటికి వచ్చి పడుకొని గోడవైపు మొహం పెట్టుకుంది. పుట్టబోయే బిడ్డ కోసం పుస్తకం వదులుకోవాలా అని అది నన్ను అడగలేదు.

పొద్దున చాయ్ ఇస్తుంటే అదే అంది. "అమ్మా, నువ్వు గీస్తవా?"

"ఏం గీయాలె?"

"కనబడింది."

"నాకు వాటి పేర్లన్న తెల్వదు గదా."

"తెల్వకపోతేనే మంచిది. పేరు తెలిస్తే మనుషులు పేరునే గీస్తరు."

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. చిన్నప్పుడు మేము బోధన్‌లో ఉండేవాళ్లం. బాపు, అంటే మా నాన్న, ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాంటా దగ్గర పని చేసేవాడు. నాకు ఆయాసం, బడి దాకా నడిస్తే ఊపిరి అందేది కాదు. అందుకని అవ్వ, మా అమ్మ, పొయ్యి పక్కన కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. బాపు డ్యూటీ దిగి వచ్చాక లెక్కలు చెప్పేవాడు. చదివింది తక్కువే గానీ, ఇద్దరు సార్లు, ఒక్కతే పిల్ల, అంతకంటే మంచి బడి ఎవరికి దొరికింది అని ఇప్పుడు అనిపిస్తుంది.

పెండ్లయి నిజామాబాద్ వచ్చాక పక్కింటి ఆపా దగ్గర మగ్గం పనికి డిజైన్లు గీయడం నేర్చుకున్నాను. ఇప్పటికీ అదే పని. జాకెట్టు మెడకూ చేతులకూ ఏ పువ్వు ఎక్కడ రావాలో, ఏ పూస ఎక్కడ కుట్టాలో పల్చటి కాగితం మీద గీసి ఇస్తాను. అందులో ఒక సులువు ఉంది. మెడ డిజైను సగమే గీస్తాం. కాగితాన్ని మధ్యకు మడిచి గీత వెంట సూదితో పొడుస్తూ పోతే విప్పేసరికి రెండో సగం తనంతట తానే వస్తుంది. ఎడమకూ కుడికీ వెంట్రుకవాసి తేడా ఉండదు. పాత జాకెట్లు కూడా వస్తాయి నా దగ్గరికి, పూసలు ఊడినవి. వరసలో ఖాళీ కనబడితే అక్కడ ఏ పూస ఉండేదో చూపు ఆనగానే చేతికి తెలుస్తుంది. ఇది నాకు వచ్చిన విద్య. దీని మీదే నా బిడ్డ ఫీజులు కట్టాను, అందుకు ఆపాకు ఎప్పుడూ మనసులో సలాం చేసుకుంటాను.

కిటికీ దగ్గర బల్ల వేసి మైక్రోస్కోపు పెట్టాం. మంచాన్ని దానికి ఆనించాం. కంటి గాజులో సన్నని గడులు గీసి ఉన్నాయి, ముందున్న కాగితం మీదా అవే గడులు. ఏ గడిలో ఏ గీత కనబడితే కాగితం మీద ఆ గడిలో ఆ గీత పెట్టాలి. ఫోటో తీస్తే పోలేదా అని అడిగితే, ఫోటోలో పైభాగం తేటగా ఉంటే కింది భాగం మసకబారుతుందని, మనిషి కన్ను అయితే గాజును పైకీ కిందికీ తిప్పుకుంటూ మొత్తం చూడగలదని చెప్పింది.

మొదటి చుక్కను గాజు పలక మీద వేసి కన్ను ఆనించిన క్షణం నాకు ఇంకా గుర్తుంది. దుమ్ము అనుకున్నది దుమ్ము కాదు. గాజుతో చేసిన ప్రాణి. మొహానికి మించిన కండ్లు. నెత్తి మీంచి పొడుచుకొచ్చిన పొడవాటి ముల్లు. లోపలి పేగు కూడా కనబడేంత పారదర్శకమైన ఒళ్లు. చిన్న చిన్న కాళ్ల చివర కుంచె వెంట్రుకలు, వెనక తోక. ఏ కోణంలో చూసినా మేము ఎండ్రికాయ అనే పీత కాదు. ఇంత చిన్నదాంట్లో ఇంత పని చేసినవాడికి చేతులు జోడించి, ఆ తర్వాతే పెన్సిల్ పట్టుకున్నాను. ఆ మొక్కు తర్వాత రోజూ అలవాటైంది.

మధ్యాహ్నాలు, నేను కన్ను అలిసి వెనక్కి వాలితే, నా బిడ్డ పడుకునే పాఠం చెప్పేది. సముద్రపు పీత గుడ్లు పగిలితే బయటికి వచ్చేది పీత కాదట. ఇదిగో ఈ గాజు పురుగు. దీన్ని లార్వా అంటారు. అది నీళ్లలో తేలుతూ, తింటూ, చర్మం విడుస్తూ, విడిచినప్పుడల్లా ఒక రూపం మారుస్తూ, చివరికి పీత అవుతుంది. పెద్దయ్యాక పోలికలు మోసం చేస్తాయట. పీతలాగే కనబడేది పీత వంశం కాకపోవచ్చు. రాళ్లకు గుల్లలాగా అతుక్కొని కదలకుండా బతికే జీవి ఒకటి ఉందట, దాన్ని చాలాకాలం నత్త గుల్లల చుట్టం అనుకున్నారు. దాని పిల్లల్ని చూసినాకే అది పీతలకు, రొయ్యలకు దగ్గరి బంధువని తెలిసింది.

"గట్లయితే పెద్దయినంక మొహం చూసి నమ్మొద్దంటవ్," అన్నాను.

"నమ్మొద్దని కాదమ్మా. పెద్దయినంక బతుకుదెరువు కోసం వేషం కడతయి. ఒకే తీరు బతికేటివి ఒకే తీరు అయితయి. పిల్లప్పటిది వేరే సాక్ష్యం. అట్లని పిల్లప్పటిదే అంతా అని కాదు, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలె."

మూడు సీసాల్లో మూడు రకాల పిల్లలు. మొదటిది ఖాళీ శంఖంలో దూరి కాపురం చేసే జీవిది. దాన్ని అందరూ పీత అంటారు గానీ అది అసలు పీతల వంశం కాదు, దాయాది వంశం. రెండోది అసలు పీతది. మూడోది నెత్తిన స్పాంజి ముక్కను టోపీలాగా మోసుకు తిరిగే పీతది. చూస్తే అది పీతే. దాని పిల్లలను చూస్తే మాత్రం దాయాదుల పోలిక. దాన్ని ఏ ఇంటి బిడ్డ అనాలో పెద్ద పెద్ద పండితులే తగవులాడుకున్నారట. నా బిడ్డ అధ్యాయం ఆ మూడోదాని గురించే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ తగవంతా ముఖ్యంగా ఒక్క వెంట్రుక దగ్గర నిలుస్తుంది. దాయాది వంశపు పిల్లలకు తోక అంచున, బయటి ముల్లు పక్కన, మిగతావాటి కంటే బాగా సన్నటి వెంట్రుక ఒకటి అటూ ఇటూ ఉంటుంది. అసలు పీత పిల్లలకు ఆ చోట ఏమీ ఉండదు. స్పాంజి మోసే పీత పిల్లలకు ఉంటుంది. ఇది నాకు గీసేటప్పుడు తెలియదు. నా బిడ్డ కావాలనే చెప్పలేదు. చెబితే నా కన్ను అటే పోతుందని, తెలియని కన్నయితే ఉన్నది ఉన్నట్టు చూస్తుందని దాని నమ్మకం.

అట్లా గీస్తున్న రోజుల్లోనే మా యారాలు కోటగిరి నుంచి వచ్చింది. నా భర్త తమ్ముని భార్య, పొలం పని వాళ్లే చూసుకుంటారు. చేతిలో స్టీలు డబ్బా, మూత మీద బరువుకు ఇటుక పెచ్చు. లోపల గరగరమని చప్పుడు.

"ఏం బిడ్డా, ఎండ్రికాయల సదువు సదువుతున్నవట," అంటూ మంచం మీద కూర్చుంది. "గింత దానికి సముద్రం దాక పోవాల్నా? మా కాలువ గట్టుకు రాకపోయినవ్. గంపెడు పట్టిస్తుంటి, ఏడాదికే డాక్టరువై పోతుంటివి."

"మీవి పనికిరావు చిన్నమ్మా," అంది నా బిడ్డ నవ్వుతూ.

"ఎందుకు పనికిరావు? పులుసు పెడితే గిన్నె నాకుతవ్ గదా."

"మీ ఎండ్రికాయలు వేషాలు మార్చయి. గుడ్డుల నుంచి సక్కగ ఎండ్రికాయనే వస్తది."

"మరి ఇంకేమొస్తది, కోడిపిల్ల వస్తదా?"

డబ్బాలోంచి ఒకదాన్ని డెక్కల్లో వేలు చిక్కకుండా వెనకనుంచి పట్టుకొని తిప్పింది. పొట్ట మీద రేకు కొద్దిగా పైకి లేచి ఉంది. వేలితో దాన్ని ఎత్తి చూపించింది. లోపల ఆవగింజల్లాగా పిల్లలు, ఒకదాన్నొకటి పట్టుకొని. నేను ఒకదాన్ని పలక మీద పెట్టి చూశాను. రెండు డెక్కలు, ఎనిమిది కాళ్లు, వీపు మీద డిప్ప, అన్నీ ఉన్నాయి. తల్లిని కుదించి అచ్చు పోసినట్టు ఉంది. యారాలు కూడా చూసింది.

"తల్లి కడుపు కింద పెట్టుకొని సాకుతది అక్కా. గిది కదా తల్లంటె. గా సముద్రపుదేందో పిల్లల్ని దుమ్ములెక్క ఎగజల్లిపోయిందట."

తల్లి కడుపు కింద పిల్లలు ఉన్నదాన్ని వండడానికి నాకు చేతులు రాలేదు. "నీతోని గింతే అక్కా," అని గొణుగుతూనే యారాలు దాన్ని వేరే డబ్బాలో పెట్టుకొని, పోయేటప్పుడు కాలువలో వదులుతానని చెప్పి తీసుకుపోయింది. వదిలిందో లేదో నేను అడగలేదు.

నేను ఎరిగిన ఎండ్రికాయ ఇది. పుట్టుకతోనే అన్నీ ఉండేది. ఈ నేల మీద పుట్టిన ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఏదైనా లేదంటే ఊడిపోయి ఉండాలి, గట్టు మీద డెక్క విరిగిన ఎండ్రికాయను ఎన్నిసార్లు చూడలేదు.

బొమ్మలు పూర్తయ్యాయి. సిరా వేశాను. మూడు రకాలు, ఒక్కో రకానికి తోకలు విడిగా పెద్దగా. నా బిడ్డ వాటిని మంచం మీద పరుచుకొని చాలాసేపు చూసింది. మా యూనివర్సిటీల ఎవ్వరికి గింత సాఫ్ గీత రాదమ్మా అంది. వాటిని ఫోనులో ఫోటోలు తీసి తన గైడు మేడంకు పంపింది. నేను ఆ సాయంత్రం రవ్వతో కొద్దిగా ప్రసాదం చేసి దేవుని ముందు పెట్టాను. ఇంట్లో కూర్చొని నేర్చుకున్న విద్య నా బిడ్డ పుస్తకంలోకి పోతోందని కృతజ్ఞతగా.

మరునాడు మేడం ఫోన్ చేసింది. నేను వంటింట్లో జొన్నరొట్టె చేస్తున్నాను. ఇటు వైపు మాటలే వినబడుతున్నాయి. "అవును మేడం." "నాకు అట్ల గుర్తులేదు మేడం." ఆ తర్వాత గొంతు తగ్గించి, "నేనే తప్పు చూసిన్నేమో మేడం. అప్పుడు నాకు అంత అనుభవం లేదు," అంది.

రొట్టెను పెనం మీదే వదిలేసి వచ్చాను. ఫోన్ పక్కన పడేసి కండ్ల మీద చెయ్యి పెట్టుకొని పడుకొని ఉంది.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదు. అధ్యాయం పోయింది."

అప్పుడు చెప్పింది ఆ వెంట్రుక సంగతి. అసలు పీత పిల్లల తోక మీద ఆ వెంట్రుక ఉండకూడదు. నేను గీసిన బొమ్మలో ఉంది. మూడింటికీ ఉంది. మేడం అడిగిందట, తోక ఆకారం వయసును బట్టి మారుతుంది, వెంట్రుక మీదనే నువ్వు వాదం నిలబెట్టినవు, మూడింటికీ అదే ఉంటే ఇంక వేరు చేసేది ఏముంది అని.

"నిన్న నీ గీతకే మురిసిపోయిన, వెంట్రుకలు లెక్కపెట్టలే. నేను రెండేండ్ల కింద చూసినప్పుడు లేకుండె," అంది. "కానీ నీ చెయ్యి తప్పు పోదు. నా కన్నే పోయుంటది."

సొంత కన్ను కంటే నా చేతిని నమ్మింది.

బల్ల మీది బొమ్మ తెచ్చి వేలు పెట్టి అడిగాను. "గిదేనా?"

"గదే."

"గిది నేను పెట్టిందే."

కండ్ల మీది చెయ్యి తీసింది. "పెట్టిందంటె?"

"మొదటి సీసాల దానికి ఉండె గదా. దీనికి గా చోట ఖాళీగ కనబడ్డది. ఊడిపోయిందనుకున్న. పాపం సగం సగం ఎందుకని పెట్టిన."

కాసేపు నా మొహం చూసింది. కోపం వస్తుందనుకున్నాను. దానికి బదులు పొట్ట పట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. "పాపం అనుకొని వంశమే మార్చినవ్ గదనే అమ్మా," అంది. వంటింట్లోంచి రొట్టె మాడిన వాసన వచ్చింది.

తర్వాత దాని నవ్వు ఆగిపోయింది. లేచి కూర్చోబోతే భుజం పట్టి పడుకోబెట్టాను.

"మూడో సీసాదానికి?" అంది. "దానికి చూసి గీసినవా, పెట్టినవా?"

నేను ఎంత గుర్తు చేసుకున్నా నాకు తెలియలేదు. అప్పటికి చేతికి అలవాటు పడిపోయింది. పైగా ప్రతి తోకా సగమే చూసి గీశాను, కాగితం మడిచి పొడిచి రెండో సగం తీశాను. ఏ వెంట్రుక కంటితో చూసింది, ఏది కాగితం మడతలోంచి వచ్చింది, ఏది జాలితో వచ్చింది, నాకే చెప్పరాకుండా పోయింది. మూడోదానికి ఆ వెంట్రుక లేకపోతే నా బిడ్డ వాదమే లేదు.

"అన్నీ మళ్ల గీస్త," అన్నాను.

ఈసారి పద్ధతి మార్చాం. కాగితం మడవడం లేదు. కుడి వేరే, ఎడమ వేరే. నేను చూస్తూ పైకి చెప్పాలి, అది పడుకొని వినాలి, విన్నాకే గీత పడాలి. ఉంటే ఉంది అనాలి, లేకపోతే ఖాళీ అనాలి. తెలియకపోతే తెలుస్తలేదు అనాలి. ఈ మూడు మాటలు తప్ప నాలుగో మాట వద్దని చెప్పింది. మొదట్లో నాకు రాలేదు.

"గిక్కడ కొంచెం సన్నగ ఉన్నట్టు..."

"ఉన్నట్టు అంటె?"

"ఉండాలె గదా..."

"ఉండాలె వద్దమ్మా. ఉందా?"

"ఖాళీ."

ఖాళీ అన్న మాట నోటితో అనడం నాకు ఇంత కష్టమవుతుందని అనుకోలేదు. ముప్పై ఏండ్లుగా ఖాళీలను నింపి బతికిన చెయ్యి నాది. ఖాళీని చూసి ఊరుకోవడం ఏదో అన్యాయం చేసినట్టు ఉండేది. కొన్ని రోజులు పోయాక దాని లోపలి నెమ్మది తెలిసింది. ఉంది, ఖాళీ, ఉంది, తెలుస్తలేదు. చెబుతూ పోతుంటే నామస్మరణలాగా ఊపిరి నిదానమయ్యేది. ఆ పిల్లలకు లేనిది లోపం కాదు, వాటి పుట్టుక అది. కొన్ని రేపటి చర్మంలో వస్తాయి. కొన్ని ఎన్నటికీ రావు, ఆ వంశానికి అవి అక్కర్లేదు.

రెండో సీసాలోవి ఒక్కొక్కటీ తీసి చూశాను. అన్నిటికీ ఆ చోట ఖాళీ. ఖాళీ అన్నప్పుడల్లా నా బిడ్డ మొహం తేటపడేది. తన కన్ను తప్పు చూడలేదని.

మూడో సీసాలో ఉన్నవి కొన్నే. పాతవి, స్పిరిటు తగ్గిపోయి కొన్ని ముడుచుకుపోయాయి. కాళ్లు విరిగినవి, తోక మెలిపడినవి పక్కన పెట్టగా చూడదగ్గవి రెండు మిగిలాయి. ఒకదాన్ని పలక మీద వేసి, సూదితో తోకను సాపు చేసి, కన్ను ఆనించబోయే ముందు రోజూ లాగే చేతులు జోడించాను. దేవుడా, వెంట్రుక ఉండేటట్టు చూడు అని మొక్కబోయాను.

మాట సగంలో ఆగింది. అది ఎన్నడో పుట్టింది, ఎన్నడో సీసాలోకి వచ్చింది. ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఇప్పుడు నేను మొక్కి తెప్పించేది ఏమన్నా ఉంటే అది నా కంటిలోకే వస్తుంది, తోక మీదికి కాదు. వెంట్రుక లేకపోతే లేదని నా బిడ్డకు చెప్పే నోరు ఇవ్వు, అంతే చాలు అనుకున్నాను.

"అమ్మా, చూస్తున్నవా?"

"ఆగు."

గాజును మెల్లగా తిప్పాను. తోక అంచు తేలింది. బయటి ముల్లు. దాని పక్కన, చూపు నిలపకపోతే తప్పిపోయేంత పల్చగా, ఒకటి.

"కుడి దిక్కు, ఉంది."

గాజు పలకను కొద్దిగా జరిపాను.

"ఎడమ దిక్కు, ఖాళీ."

"ఖాళీనా?"

"ఖాళీ."

"మొదలు చూడు. అది మొలిచే చోట కుదురు ఏమన్న ఉందా?"

మళ్లీ తిప్పాను. చాలాసేపు చూశాను. కన్ను చెమ్మగిల్లితే తుడుచుకొని మళ్లీ చూశాను. చిన్న గుంట, పూస ఊడిన చోట దారం రంధ్రం కనబడినట్టు. రెండో సీసాలో వాటికి ఆ చోట నున్నగా ఉండేది, ఇట్లాంటి గుంట లేదు.

"కుదురు ఉంది. వెంట్రుక లేదు."

"గట్లనే గీయ్," అంది. "కుడికి వెంట్రుక, ఎడమకు కుదురు. ఎక్కువ పెట్టకు."

రెండోదానికి రెండు దిక్కులా ఉన్నాయి. దాన్నీ గీశాను. నిజంగా ఊడిపోయిన వెంట్రుక మొదటిదాని ఎడమదొక్కటే, దాన్ని పెట్టకుండా వదిలేయడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.

కొత్త బొమ్మలు మేడంకు పోయాయి. ఈసారి ఫోన్ వచ్చినప్పుడు నా బిడ్డ స్పీకరు పెట్టింది. మొదట మేడం అచ్చు తీసుకున్న కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఆ తర్వాత అడిగింది. "మూడో రకం ఒకదానికి ఎడమ వైపు ఎందుకు వదిలేశావు? రెండో దాంట్లో ఉంది కదా, చూసి వేసేస్తే బొమ్మ నిండుగా ఉండేది."

"అది విరిగిపోయింది మేడం. కుదురు మాత్రమే ఉంది. బొమ్మ కింద అదే రాస్త."

"సరే. అట్లనే ఉంచు," అంది మేడం. "ఇప్పుడు నిలబడ్డది. మిగతాది సర్దుకొని పంపించు."

ఫోన్ పెట్టేశాక నా బిడ్డ నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్లు ఉబ్బి ఉన్నాయి, ఉంగరం తీసేసిన చోట గుర్తు పడి ఉంది. ఆ చేతిని అట్లాగే పట్టుకొని ఉండగానే అది నిద్రపోయింది. వచ్చిన నాటి నుంచి పగటిపూట అంత గాఢంగా నిద్రపోవడం నేను చూడలేదు. మరునాడు అల్లుడు వచ్చి, బస్టాండు దగ్గర షాపులో పుస్తకం అచ్చు తీయించి, అట్టలు కట్టించి, సాయంత్రం రైలుకు తీసుకుపోయాడు. గడువు లోపలే చేరింది.

నేను సీసాల మూతలు బిగించి, మైక్రోస్కోపును చీర ముక్కల్లో చుట్టి పెట్టెలో సర్దాను. కిటికీ బల్ల ఖాళీ అయింది. దీపం పెట్టే వేళకు దేవుని ముందు కూర్చున్నాను. పుస్తకం గురించి అడగడానికి ఏమీ మిగల్లేదు, దానికి దండం పెట్టుకున్నాను. మిగిలిన కోరిక ఒకటే, పక్క గదిలో నా బిడ్డ కడుపులో తిరుగుతున్నది. అది ఇంకా పుట్టలేదు, దాని పని ఇంకా ఆయన చేతిలోనే ఉంది. కాబట్టి దాని కోసం మాత్రం ఏ సంకోచమూ లేకుండా, నోరారా, ఎంత అడగాలో అంతా అడిగాను.